వరసలో పుట్టిన జబ్బు

మా జిల్లా పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలు రాసే కిటికీలు ఐదున్నాయి. అందులో మూడు ఎప్పుడూ మూసే ఉంటాయి. అందువల్ల వాటి అద్దాలు పగలవు, తలుపులు అరగవు, ప్రభుత్వ ఆస్తి భద్రంగా ఉంటుంది. మిగిలిన రెండింటి ముందు జనం నిలబడతారు. కిందటి మే నెలలో ఒక సోమవారం ఆ జనంలో ఎవరికో ఓపిక చచ్చి రెండో కిటికీ అద్దం పగలగొట్టారు. మర్నాడు పేపర్లో పగిలిన అద్దమూ, దాని వెనక నోరు తెరుచుకుని చూస్తున్న మా గుమస్తా కలిసి ఫోటోలో పడ్డారు. ఆ సాయంత్రానికల్లా రాజధాని నుంచి సంజాయిషీ అడుగుతూ తాఖీదు వచ్చేసింది.

నా పేరు పర్వతాలు. ఆ ఆస్పత్రిలో రికార్డుల సెక్షన్ సీనియర్ అసిస్టెంటును. రోగికి ఏ జబ్బని డాక్టరు రాస్తే, ఆ జబ్బుకున్న నంబరు వెతికి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. దాన్ని కోడ్ అంటారు. జ్వరానికో కోడ్, కుక్కకాటుకో కోడ్, నిచ్చెన మీంచి పడితే ఇంకో కోడ్. కోడ్ వేస్తే గాని తెర ముందుకు కదలదు, మందుల చీటీ బయటికి రాదు. జబ్బు లేకుండా మా ఆస్పత్రికి వచ్చినవాళ్లు ఉండవచ్చు గాని, కోడ్ లేకుండా బయటికి పోయినవాళ్లు లేరు.

సంజాయిషీ రాయడానికి సూపరింటెండెంట్ డాక్టర్ భుజంగరావు గారు నన్ను పిలిచారు. ఆయన మంచి సర్జనని అంటారు. ఆ గదిలోకి వచ్చాక కత్తి పట్టగా ఎవరూ చూడలేదు, ఫైళ్లే కోస్తున్నారు.

"చీటీల కిటికీలు చాలక జనం ఇబ్బంది పడ్డారని రాద్దామా సార్?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "పర్వతాలు గారూ, చాలవని మనం రాస్తే ఎందుకు చాలవని వాళ్లడుగుతారు. గుమస్తాలు లేరంటే ఉన్నవాళ్లు ఏమయ్యారంటారు. అప్పుడేం రాస్తారు మీరు?"

నిజమే. మూసిన మూడు కిటికీల గుమస్తాల్లో ఒకాయన సూపరింటెండెంటు గారి క్వార్టరు ముందు బీర పాదులకు నీళ్లు పోస్తుంటాడు. మిగతా ఇద్దరూ ఆయన సక్రమంగా పోస్తున్నాడా లేదా అని పర్యవేక్షిస్తుంటారు. అది రాయడం కష్టం.

"అసలు ఆస్పత్రికి ఎవరొస్తారు?" అని అడిగారాయన.

"రోగులు సార్."

"రోగి దగ్గితే దాన్నేమంటాం?"

"లక్షణం అంటాం."

"వాంతి చేసుకుంటే?"

"అదీ లక్షణమే."

"మరి అద్దం పగలగొడితే మాత్రం మన తప్పెలా అవుతుంది? దగ్గు రోగిదీ, వాంతి రోగిదీ, కోపం మాత్రం ఆస్పత్రిదా? ఈ అంశాన్ని శాస్త్రీయ దృక్పథంతో పునఃపరిశీలించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది."

అలా, మధ్యాహ్నం భోజనానికి ముందు, ఆ గదిలో ఒక కొత్త జబ్బు పుట్టింది. దానికి నిరీక్షణ అసహన రుగ్మత అని భుజంగరావు గారే నామకరణం చేశారు. ఆ సోమవారం సదరు రుగ్మత ఆస్పత్రి ఆవరణలో అకస్మాత్తుగా ప్రబలినదనియు, సిబ్బంది తమ ఆరోగ్యాన్ని సైతం లెక్కచేయక కిటికీల వెనక కూర్చుని దానిని ఎదుర్కొన్నారనియు సంజాయిషీ వెళ్లింది.

నేను మెమో వస్తుందనుకున్నాను. మెచ్చుకోలు వచ్చింది. అన్ని జిల్లాల్లోనూ కిటికీలు మూసే ఉన్నాయట, అద్దాలు అక్కడా పగులుతున్నాయట. ఏం రాయాలో తోచక కొట్టుకుంటున్న సూపరింటెండెంట్లందరికీ మా జబ్బు ప్రాణం పోసింది. దానికి కోడ్ ఇచ్చే విషయమై రాష్ట్ర వ్యాధి సంకేతాల సమితి మా ఊళ్లోనే సమావేశమవుతుందని కబురొచ్చింది.

సమితికి అధ్యక్షురాలు సంయుక్త సంచాలకులు కుముదినీదేవి గారు. ఆవిడ మామూలుగా మంచినీళ్లు అడిగినా జీవో చదివినట్టుంటుంది. సభ్యులు పది జిల్లాల నుంచి వచ్చారు. జీడిపప్పు పళ్లేలు రెండుసార్లు తిరిగేదాకా అందరూ ఏకాభిప్రాయంతోనే ఉన్నారు. మూడోసారికి మా జనరల్ మెడిసిన్ డాక్టర్ జుబేదా లేచి నిలబడింది. ఆవిడకు ఉన్న విషయం ఉన్నట్టు చెప్పే దురలవాటుంది.

"మేడమ్, ఇది జబ్బు కాదు. ముగ్గురు గుమస్తాల్ని వాళ్ల కుర్చీల్లో కూర్చోబెడితే వారంలో తగ్గిపోతుంది."

"అంటే చికిత్సకు లొంగుతుందని మీరే అంగీకరిస్తున్నారు," అన్నారు కుముదినీదేవి గారు. "చికిత్సకు లొంగేది జబ్బు కాక మరేమిటి?"

"దీనికి పరీక్ష లేదు. రక్తంలో కనబడదు, ఎక్స్‌రేలో కనబడదు. ఏ పుస్తకంలోనూ లేదు."

"కోడ్ ఇవ్వలేదు గనక పుస్తకంలో లేదు. పుస్తకంలో లేదని కోడ్ ఇవ్వకపోతే ఎప్పటికి ఎక్కుతుంది డాక్టర్?"

"నేను ఒప్పుకోను మేడమ్. దీనిమీద వివాదం ఉందని రాసుకోండి."

కుముదినీదేవి గారి మొహం వికసించింది. "తప్పక రాసుకుంటాం. లేని విషయం మీద ఎవరూ వివాదపడరు. వివాదం ఉన్నదంటే విషయం ఉన్నదని నిర్ధారణ అయినట్టే. మీ అభ్యంతరాన్ని సమితి ఎంతగానో గౌరవిస్తున్నది. వివాదాస్పద పదాల పక్కన నక్షత్రం గుర్తు పెట్టి చేర్చడం మన సంప్రదాయం. డాక్టర్ గారి పేర ఒక నక్షత్రం పెట్టండి."

పెట్టారు. డెబ్బై ఏడో కోడ్, పక్కన నక్షత్రం. ఆ నక్షత్రం కథ కూడా చెప్పాలి. మొదటి ప్రతిలో అది స్పష్టంగా, ఐదు కొమ్ములతో ఉంది. జిల్లాలకు పంపిన నకళ్లలో చుక్కయింది. ఆ నకలుకు మేం తీసిన నకల్లో అది ఈగ పెట్టిన మచ్చలా కనబడితే, శుభ్రత మీద పట్టింపున్న మా టైపిస్టు గోరుతో గీకేశాడు. జుబేదా మేడమ్ అభ్యంతరం అలా తొలగిపోయింది.

జబ్బు వచ్చింది గాని, ఎవరికి ఉందో తేల్చడానికి ఒక కొలత కావాలి. ఆరోగ్యవంతుడైన మనిషి ఎంతసేపు ఓపికపడతాడో తెలిస్తే, అంతకన్నా ముందే విసుక్కున్నవాడు రోగి. ఆ ప్రమాణం తేల్చడానికి రాజధాని నుంచి సర్వే బృందం వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు, ఒక గొడుగు, బోలెడు కాగితాలు. ఎండ తగలకుండా మేడ మీద వరండాలో కూర్చుని వరసను గమనించారు. వరసలో ఒక స్థానం పట్టినప్పటి నుంచి ఆ స్థానానికి చీటీ అందేదాకా ఎంతసేపైంది, మధ్యలో అసహనం ఏమైనా కనబడిందా అన్నది వాళ్లు రాసుకోవలసింది.

మా జిల్లాలో వరస ఎలా కడతారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. యూరియా బస్తాకైనా, బ్యాంకు పనికైనా, ఆస్పత్రి చీటీకైనా మావాళ్లు తెల్లారకముందే వచ్చి చెప్పులు విడిచి వరసలో పెడతారు. పెట్టి, నీడకు పోయి కూర్చుంటారు. టీ తాగుతారు, కునుకు తీస్తారు, దగ్గర ఊరైతే ఇంటికి పోయి పాలు పితికి వస్తారు. చెప్పుల్ని ఎవరూ జరపరు, దాటరు. మనిషిని తోసుకుని ముందుకు పోయేవాడు కూడా చెప్పుల జత దగ్గర ఆగిపోతాడు. కిటికీ తెరిచాక, తన చెప్పుల వంతు వచ్చే వేళకు మనిషి వచ్చి వాటిలో కాళ్లు పెడతాడు.

సర్వే ఫలితం అద్భుతంగా వచ్చింది. సగటున ఆరు గంటలు. ఒక్క స్థానంలోనూ నిట్టూర్పు లేదు, గొణుగుడు లేదు, అటూ ఇటూ కదలడం లేదు. రబ్బరు చెప్పుల వర్గంలో సహనం మెండుగా ఉన్నదనీ, తోలు చెప్పుల వర్గం మాత్రం మధ్యలోనే వరస నుంచి అదృశ్యమయ్యే ధోరణి కనబరుస్తున్నదనీ నివేదికలో రాశారు.

జుబేదా మేడమ్ ఆ నివేదిక పట్టుకుని కుముదినీదేవి గారికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"మేడమ్, వాళ్లు కొలిచింది మనుషుల్ని కాదు. చెప్పుల్ని."

"చెప్పులు ఎవరివి డాక్టర్?"

"మనుషులవే."

"మరి చెప్పులకే అంత ఓపిక ఉండగా, వాటిని తొడుక్కునేవారికి లేకపోతే అది రుగ్మత కాదా?"

జుబేదా మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఆరు గంటల ప్రమాణం ఖాయమైంది.

ఇక చూడండి. మొదటి వారంలోనే మా జిల్లాలో డెబ్బై ఏడు విజృంభించింది. 'ఇంకెంతసేపు' అని అడగడం ప్రధాన లక్షణం. నిట్టూర్చడం, గోడ గడియారం కేసి చూడడం తొలి దశ. గడియారం వల్లే జబ్బు అంటుకుంటున్నదని తేలి దాన్ని తీయించారు. అప్పుడు జనం సెల్‌ఫోన్లలో చూసుకోవడం మొదలెట్టారు, దానికి 'గుప్త దశ' అని పేరు పెట్టారు. ఫిర్యాదుల పెట్టెకు రంగు వేసి నమూనాల పెట్టె అని రాయించి లేబరేటరీ ముందు తగిలించారు. అందులో పడిన కాగితాల్ని ఎవరూ చదవరు, సీసాల పక్కన సర్ది పెడతారు. ఆ నెలలో మా ఆస్పత్రి మీద వచ్చిన ఫిర్యాదులు సున్నా.

చికిత్స లేకుండా జబ్బును వదిలేయకూడదు గనక గురువారం గురువారం ప్రత్యేక క్లినిక్ పెట్టారు. దాని బాధ్యత జుబేదా మేడమ్‌కే అప్పగించారు. జబ్బే లేదన్న మనిషైతే రోగుల పట్ల పక్షపాతం చూపరని సూపరింటెండెంటు గారి ఉద్దేశం. ఆ క్లినిక్‌కు వేరే గుమస్తా లేడు. కాబట్టి రెండు తెరిచిన కిటికీల్లో ఒకదాన్ని దానికి కేటాయించారు. ఉదయం మామూలు వరసలో కొద్దిగా విసుక్కున్నవాడు మధ్యాహ్నానికి క్లినిక్ వరసలో బాగా ముదిరేవాడు. కేసులు రెట్టింపయ్యాయి. వ్యాధిని ఇంత పెద్ద సంఖ్యలో గుర్తించినందుకు భుజంగరావు గారికి రాజధానిలో శాలువా కప్పారు.

ఇదంతా నేను నవ్వుతూనే చూశాను. కోడ్‌లు ఎక్కించాను. సారంగపాణి వచ్చేదాకా నాకు ఇందులో ఏడవాల్సింది ఏమీ కనబడలేదు.

కొయ్యడ సారంగపాణి బస్సు డ్రైవరు. యాభై దాటిన మనిషి, నెమ్మదైన మాట. డ్రైవర్లకు ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చివ్వాలని డిపోలో నియమం. రాత్రి డ్యూటీ దిగి, అదే ఖాకీ బట్టలతో, బూట్లతో తిన్నగా ఆస్పత్రికి వచ్చాడు. బూట్లు విప్పి వరసలో పెట్టడానికి మనసొప్పక తనే నిలబడ్డాడు. మూడు గంటలు నిలబడ్డాక, నిద్ర ఆపుకోలేక, కిటికీలోకి వంగి "ఇంక ఎంతసేపు పడ్తది సార్?" అని అడిగాడు. అంతే. కళ్లు బాగున్నాయని తేలింది, డెబ్బై ఏడు ఉందని కూడా తేలింది. ఆ కోడ్ వేసింది నేనే. డిపో కంప్యూటర్‌కూ మా కంప్యూటర్‌కూ లంకె ఉంది. సాయంత్రానికి అక్కడ ఎర్ర అక్షరాలు వచ్చాయి: అసహన రోగి, స్టీరింగ్ ఇవ్వరాదు.

వారం తర్వాత నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, నాకు రోగమున్నదంటున్నరు. ఏం రోగమో జర సమజ్‌జేస్తరా?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎంతసేపు అని అడుగుడు రోగమా సార్? నా బస్సుల ఎక్కినోళ్లు దినాం వందమంది అడుగుతరు. నేను ఎవ్వరికీ రోగమున్నదని అనలే, జవాబు చెప్పిన."

"ఇప్పుడు డిపోలో ఏం చేయిస్తున్నారు?"

"బస్సులు కడుగుతున్న. నా బండి నా ముంగలికెళ్లే పోతది, ఇంకొకడు నడుపుతడు. క్లచ్ మీద కాలు పెట్టి కూసుంటడు సార్ వాడు, నాకు పానం తరుక్కపోతది. రాత్రి పండుకుంటే నిద్దట్ల నా కాలు బ్రేకు తొక్కుతున్నది. మా ఇంటిది లేపి కూసోవెడ్తది." టేబుల్ మీదికి వంగి, "నాకు స్టీరింగ్ కావాలె సార్. ఇంకేం వద్దు," అన్నాడు.

జుబేదా మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చూసి, ఈయనకు ఏ జబ్బూ లేదని పెద్ద అక్షరాలతో రాసింది. కానీ ఏ జబ్బూ లేకపోవడానికి కోడ్ లేదు, తెర కదల్లేదు. ఒకసారి పడిన డెబ్బై ఏడును తీసే అధికారం సూపరింటెండెంటు గారొక్కరికే ఉంది. దరఖాస్తు పెట్టుకుని, ఆయన పిలిచేదాకా ఆగాలి. ఆ మధ్యలో దరఖాస్తు ఏమైందని ఒక్కసారి అడిగినా రోగం తిరగబెట్టినట్టు లెక్క, మళ్లీ మొదటికొస్తుంది.

"అడగొద్దు. అంతే గదా సార్," అన్నాడు సారంగపాణి. "అడగ."

అడగలేదు. సెలవు దొరికిన ప్రతిరోజూ వచ్చి సూపరింటెండెంటు గారి గది ఎదురుగా బల్ల మీద కూర్చునేవాడు. వానలు పడ్డాయి, బతుకమ్మలు ఆడారు, చలి మొదలైంది. ఊడ్చేవాళ్లు ఆయన కాళ్లెత్తమని చెప్పి కింద ఊడ్చుకుని పోయేవాళ్లు. ఒక రోజు భుజంగరావు గారు కొత్త అటెండరనుకుని టీ తెమ్మన్నారు. తెచ్చిచ్చి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇంకో రోజు సారంగపాణి చేత టేబుల్ ఫ్యాను మోయించుకున్నారు. అప్పుడూ ఏమీ అనలేదు.

చలి ముదిరాక ఒకనాడు పిలుపొచ్చింది. సారంగపాణి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఫైలు పట్టుకుని నేనూ లోపలికి వెళ్లాను.

"ఇన్ని నెలల్లో ఒక్కసారైనా అడగలేదా మీరు?" అన్నారు భుజంగరావు గారు ఫైలు తిరగేస్తూ.

"లేదు సార్."

"విసుగు రాలేదా?"

"లేదు సార్."

"ఎవరితోనూ అనలేదా? కనీసం గొణుక్కోలేదా?"

"లేదు సార్."

భుజంగరావు గారి కనుబొమలు ముడిపడ్డాయి. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది నాకు ఆందోళన కలిగిస్తున్నది పర్వతాలు గారూ. మనిషన్నాక కొంత అసహనం ఉండి తీరాలి. బొత్తిగా లేకపోవడం ఆరోగ్య లక్షణం కాదు. రేపు బస్సుకు అడ్డంగా ఎద్దు నిలబడితే ఈయన హారన్ కొట్టడు, అది తనంతట తాను లేచిపోయేదాకా కూర్చుంటాడు. ప్రయాణికుల గతేమిటి?" అని, సారంగపాణి వైపు ఆప్యాయంగా చూశారు. "అభినందనలు. మీ డెబ్బై ఏడు పూర్తిగా నయమైంది. ఇప్పుడు మీకున్నది అతి సహన రుగ్మత."

డెబ్బై ఎనిమిదో కోడ్ పది రోజుల్లో వచ్చేసింది. ఈసారి జుబేదా మేడమ్‌ను సమావేశానికి పిలవలేదు, ఆవిడ అభ్యంతరం చెప్పినట్టే భావించి ముందే నక్షత్రం అచ్చు వేయించుకున్నారు.

కొత్త జబ్బుకు చికిత్స కూడా సూపరింటెండెంటు గారే కనిపెట్టారు. రోగి నెలకోసారి ఆయన ఎదుట నిలబడి ఐదు నిమిషాలు కోప్పడాలి. తగినంత కోపం వచ్చిందని ఆయనకు నమ్మకం కుదిరితే డ్యూటీకి అర్హుడని కాగితం ఇస్తారు.

మొదటి నెల సారంగపాణి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భుజంగరావు గారు గడియారం చూసి "ఊఁ, కానివ్వండి," అన్నారు.

"మీరు పెద్దోళ్లు సార్. నేనెట్ల తిడత?"

"సంకోచించకండి. ఇది వైద్యం."

ఐదు నిమిషాలూ సారంగపాణి నేల చూపులు చూస్తూ గడిపేశాడు. ఒక్కటంటే ఒక్క మాట రాలేదు. 'చికిత్సకు స్పందన లేదు' అని రాశారు.

బయటికొచ్చాక ఆయన నా వైపు తిరిగాడు. "కోపం లేదనుకుంటున్నరా సార్? కడుపు నిండ ఉన్నది. ఆయన ముంగట నోట్లకెళ్లి ఎల్తలేదు. ఏమని తిట్టాలె, జర మీరు చెప్పుండ్రి."

నేను చెప్పాను. రికార్డుల గదిలో పాత ఫైళ్ల బీరువాల వెనక ఆయన్ని నిలబెట్టి, నెల పొడుగునా వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పాను. మూడు కిటికీల సంగతి చెప్పాను. బీర పాదుల సంగతి, వాటిని పర్యవేక్షించే ఇద్దరి సంగతి, సర్వేలో చెప్పుల సంగతి, నమూనాల పెట్టె సంగతి చెప్పాను. ఇన్నేళ్లుగా నేను అనాలనుకుని మింగేసినవన్నీ ఆ పెద్దమనిషి నోట్లో పెట్టాను. చెబుతుంటే నాకే ఒళ్లు వేడెక్కింది, నిజం చెప్పొద్దూ, సుఖంగా కూడా ఉంది.

రెండో నెల సారంగపాణి అదరగొట్టాడు.

"నాకేం రోగం లేదు సార్. రోగం మీ కిటికీలకున్నది. మూడు మూసిపెట్టి రెండిట్ల పని నడిపిస్తున్నరు. మీ గుమస్తాలు మీ ఇంటికాడ బీరకాయలు కాపలా కాస్తున్నరు. ముసలోళ్లు, పిల్లతల్లులు ఎండల నిలవడి కండ్లు తిరిగి పడిపోతున్నరు. పడిపోతే గదానికో కోడ్ వేస్తున్నరు. మీరు చెప్పుల ఓపిక కొలిచి మనుషులకు రోగం అంటగట్టిండ్రు."

తలుపు తెరిచే ఉంది. వరండాలో జనం మూగారు. భుజంగరావు గారు మొదట తల ఊపుతూ, "బాగుంది, గొంతు ఇంకొంచెం," అని ప్రోత్సహించారు. బీరకాయల దగ్గర పెన్ను ఆగింది. చెప్పుల దగ్గరికొచ్చేసరికి మూత పెట్టేశారు. కానీ ఆయన మొహంలో సిగ్గు గాని, కోపం గాని లేదు. రిపోర్టు బాగా లేనప్పుడు డాక్టర్లు పెట్టే మొహం పెట్టారు.

"చికిత్స పని చేస్తున్నది గాని డోసు ఎక్కువైంది పర్వతాలు గారూ," అన్నారు. "ఈ నెల కోపంలో వాస్తవాలు మోతాదు మించి ఉన్నాయి. ఇవి రోగికీ మంచివి కావు, వినేవాళ్లకూ మంచివి కావు. వచ్చే నెల డోసు ఒక్క వాక్యానికి తగ్గించండి. ఆ ఒక్క వాక్యాన్ని బట్టి నేను తుది నిర్ణయం తీసుకుంటాను. అప్పటికీ కుదరకపోతే ఈయనకు స్టీరింగ్ శాశ్వతంగా వద్దని డిపోకు రాసేయడం మేలు."

ఒక్క వాక్యం. ఆ నెలంతా నాకూ జుబేదా మేడమ్‌కూ అదే చర్చ. మూడు కిటికీలూ తెరవండని అనమని ఆవిడ అంది. ఆస్పత్రి మొత్తానికి పనికొచ్చే మాట అదేనట. నాకు జబ్బు లేదని అంటే చాలన్నాను నేను. అంతకన్నా నిజం ఇంకోటి లేదని నా వాదన. ఆ రోజు ఉదయం కూడా వరండాలో నిలబడి ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం. సారంగపాణి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. డిపోలో పైపు పట్టుకుని పట్టుకుని ఆయన అరచేతులు తెల్లగా నాని ఉన్నాయి.

"మీరు చెప్పేటివి రెండు మంచి మాటలే," అన్నాడు. "లోపల మీరు నిలవడరు గదా. నేను నిలవడాలె."

లోపలికి వెళ్లాం. భుజంగరావు గారు పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నారు. సారంగపాణి నిటారుగా నిలబడి, గోడ మీద శాలువాతో ఉన్న సూపరింటెండెంటు గారి ఫోటో వైపు చూశాడు.

"ఈ ఆస్పత్రిల అంతా మంచిగనే ఉన్నది సార్," అన్నాడు.

భుజంగరావు గారి కళ్లు చెమర్చాయి. లేచి వచ్చి సారంగపాణి రెండు చేతులూ పట్టుకున్నారు.

"నయమైంది," అన్నారు. "ఇది అసహనమూ కాదు, అతి సహనమూ కాదు. దీన్నే సంతృప్తి అంటారు. దీనికి కోడ్ అవసరం లేదు, దీని శాతం మాత్రం ప్రతి నెలా పైకి పంపాలి. మన ఆస్పత్రిలో ఇది తొలి కేసు. కాగితం ఇచ్చేయండి పర్వతాలు గారూ."

ఇచ్చాను. నా చేత్తోనే రెండు కోడ్‌లూ తీసేశాను. డిపోలో ఎర్ర అక్షరాలు పోయాయి. పోతుంటే నాకు సంతోషం కలగాలి, కలగలేదు. బయట రెండు కిటికీల ముందు వరస గేటు దాటి రోడ్డు మీదికి సాగి ఉంది.

సారంగపాణి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"అలా అంటారని నేను అనుకోలేదు," అన్నాను.

"నేను గూడ అనుకోలే సార్. లోపలికి పోయినంక ఆయన మొఖం సూసిన. మీరు చెప్పిన మాట అంటె స్టీరింగ్ రాదని ఎరికైంది." మెట్లు దిగుతూ ఒకసారి ఆగాడు. "మందుకు తగ్గే రోగాలు సూసిన, పత్యానికి తగ్గేటివి సూసిన. అబద్ధమాడితె తగ్గే రోగం మీ కాడనే సూసిన సార్."

నేనేదో అనబోయాను. మధ్యాహ్నం ట్రిప్పుకు టైమైందని చెప్పి, డిపో వైపు గబగబా నడిచి వెళ్లిపోయాడు.